మనోవ్యాధికి మందున్నది, రసీదు లేదు

మనోవ్యాధికి మందు లేదని సామెత. ఆ మాటే పల్లెల నోట అరిగి 'మనాది' అయినది. “కొడుకు పోయిన మనాదితో మంచం పట్టింది” అంటే అర్థం కాని తెలుగువాడు ఉండడు. కనుక ఈ జబ్బును మనవారు ఎరుగరనడం సరికాదు. ఎరుగుదురు; పేరు కూడా పెట్టుకొన్నారు. నేడు దానికి చికిత్స కూడా ఉన్నది. ఆ చికిత్సకు పైకం ఎక్కడనుంచి రావాలన్నదే చిక్కు.

పుంగనూరు సమీపాన పట్టుపురుగులు పెంచే రైతు ఒకరు నాకు పరిచయం. ఆయన కుమార్తె పరీక్షల ముందు నిద్రాహారాలు మాని, గది తలుపు వేసుకొన్నది. నెలకు రెండు పర్యాయాలు ఆమెను ముళబాగిలు, కోలారు మీదుగా బెంగుళూరు తీసుకొనిపోతాడు. అక్కడ మనస్తత్వ నిపుణురాలితో గంటసేపు మాట్లాడినందుకు 1,500 రూపాయలు. బస్సు చార్జీలు, భోజనం, ఆనాటి పని నష్టం వేరు. పెద్దకొడుకు ఉద్యోగం మూలంగా కుటుంబమంతటికీ ఆరోగ్యబీమా ఉన్నది. “బిల్లు బీమావారికి పంపరాదా?” అన్నాను.

“రసీదే తీసుకోను సార్. కాగితం మీద పాప పేరెక్కితే, రేపు పెండ్లి మాటలప్పుడు అది ఎవరి చేతిలో పడుతుందో!” అన్నాడు.

ఆయన పంపినా పైకం వచ్చేదా అన్నది మరొక ప్రశ్న. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమలులోకి వచ్చినది. శరీరానికి వచ్చిన జబ్బుతో సమానంగా మనసుకు వచ్చిన జబ్బుకూ బీమా కల్పించవలెనని దాని 21వ సెక్షను శాసిస్తున్నది. కాని మన బీమా పత్రాలలో అధికభాగం ఆసుపత్రిలో చేరి పడుకొన్నవారికే పైకం ఇస్తాయి. వచ్చి, గంటసేపు మాట్లాడి, ఇంటికి పోయేవాడు ఆ లెక్కలోకి రాడు. బయటిరోగుల ఖర్చు ప్రత్యేకంగా చేర్చిన పత్రమైతే తప్ప, ఈ భారం రోగి ఇంటిదే. 2015–16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ సర్వే, ఇటువంటి కుటుంబాలు చికిత్సకూ ప్రయాణాలకూ నెలకు 1,000 మొదలు 1,500 రూపాయల వరకు వెచ్చిస్తున్నవని తేల్చినది.

అయితే ఆ రైతు వెచ్చిస్తున్నది చికిత్సకు మాత్రమే కాదు, గోప్యతకు కూడా. మదనపల్లెవారు చింతామణి దారిన బస్సులోనూ, కుప్పంవారు రైలులోనూ బెంగుళూరు చేరడంలో నిపుణుల కొరత ఎంత కారణమో, అక్కడ తెలిసిన ముఖం ఎదురుపడదన్న ధీమా కూడా అంతే కారణం. ఆ గోప్యతను అదే చట్టంలోని 23వ సెక్షను రోగికి హక్కుగా ఇచ్చినదని ఆయనకు చెప్పినవారు లేరు.

మన ప్రాంతం ఇటువంటి భయాన్ని పూర్వం ఒకసారి చూచినది. క్షయ పేరెత్తడానికే జనం జంకిన కాలంలో, 1915లో, మదనపల్లె చెంత ఆరోగ్యవరం శానిటోరియం వెలసినది. డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానిని నడిపినాడు. దూరదేశాల రోగులు ఈ గాలికోసం ఇక్కడికి వచ్చినారు. ఒకనాడు దాచుకొన్న ఆ జబ్బుకు నేడు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా మందు ఇస్తున్నారు. మనాదికి మాత్రం మనమే ఊరు దాటిపోతున్నాము.

పైకం లేనివారు చేయదగినది లేకపోలేదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. దుఃఖాన్ని పరభాషలోకి తర్జుమా చేసి చెప్పుకోవలసిన అవస్థ ఉండదు. పైకం ఇచ్చి వెళ్లేవారు, ఆ చికిత్సా మనస్తత్వవేత్త భారత పునరావాస మండలిలో నమోదైనవారా అని ముందుగా అడగవలెను. రుసుము తగ్గించగలరా అని అడగడంలోనూ సిగ్గు లేదు. పట్టుగూళ్ల ధరకు బేరమాడేవారు దీనికి మాత్రం నోరు మెదపరు.

ఈ సంగతులన్నీ ఆ రైతుకు చెప్పినాను. మొన్న కనపడి, ఈసారి రసీదు అడిగి తీసుకొన్నానన్నాడు. బీమాకు పంపలేదట, ఇనుపపెట్టెలో, భూమి కాగితాల పక్కన పెట్టినాడట. అమ్మాయి మళ్లీ కళాశాలకు వస్తున్నది.