పులి పేరు చెప్పి చెంచు పెంటలు ఖాళీ చేయిస్తారా?

నల్లమల చెంచులను మూటాముల్లె సర్దుకోమంటున్నారు. పులికి మనిషి అలికిడి లేని అడవి కావాలట. అందుకని సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్ళ జనం అడవి వదిలి మైదానానికి దిగాలట. దీనికి ‘స్వచ్ఛంద తరలింపు’ అని పేరు పెట్టారు. ఈ స్వచ్ఛందం ఏపాటిదో చూద్దాం.

ఇది ఒక్క నల్లమల గొడవ కాదు. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. పులుల రిజర్వుల నడిభాగంలో ఇంకా 591 ఊళ్ళు, 64,801 కుటుంబాలు వున్నాయని, వీటి తరలింపును ముఖ్యమైన పనిగా చూడాలని దాని సారాంశం. అదే ఏడాది కవ్వాల్ అడవిలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలను తరలించారు.

అడవిని పాడుచేసింది ఎవరు?

నైజాం పాలనలో హైమెండార్ఫ్ ఈ పెంటల్లో తిరిగి, చెంచుల మీద 1943లో పుస్తకం అచ్చువేశాడు. అప్పటికే ఎన్నో తరాలుగా వాళ్ళు గడ్డలు తవ్వుకుని, కొండ చరియల్లో తేనె తీసుకుని బతుకుతున్నారు. 1978లో ఆ అడవిని అభయారణ్యం అన్నారు. 1983లో పులుల పథకంలో చేర్చారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ రిజర్వు అయింది. బోర్డు మారినప్పుడల్లా చెంచుకు కట్టడి పెరిగింది. వేట నేరమైంది, పోడు నేరమైంది.

వెదురును లారీలకెత్తి కాగితం మిల్లులకు తోలింది చెంచులు కాదు, గుత్తేదార్లు. పులి చర్మానికి వెలకట్టింది పట్నం వ్యాపారులు. ఇవాళ అటవీశాఖ బేస్‌క్యాంపుల్లో కాపలా కాస్తూ, పులి అడుగుజాడలు పట్టి చెబుతున్నవాళ్ళలో చెంచులు ఎందరో వున్నారు. అడవిని కాయడానికి పనికొచ్చిన మనిషి అడవిలో వుండడానికి పనికిరాడా?

హైదరాబాదు–శ్రీశైలం రోడ్డు ఈ అడవి నడుమనుంచే పోతోంది. ఫర్హాబాద్‌లో సఫారీ బండ్లు తిరుగుతున్నాయి. అంతకన్నా పెద్ద విచిత్రం చూడండి. 2019 మేలో ఇదే రిజర్వులో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా పచ్చజెండా వూపింది. జనం లేచి నిలబడ్డారు గనుకనే ఆ సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. బోరు యంత్రానికి బెదరని పులి తేనెకుండకు బెదురుతుందా?

ఎకరం లక్షకు ఎక్కడ దొరుకుతుంది?

తరలింపుకు కుటుంబానికి 2008లో 10 లక్షలు నిర్ణయించారు, 2021లో 15 లక్షలు చేశారు. రొక్కం తీసుకుని పోవచ్చు, లేదంటే అదే సొమ్ముతో అటవీశాఖ పునరావాసం చూస్తుంది. 2008 మార్గదర్శకాల్లో 2 హెక్టార్ల సాగుభూమి కొని బాగుచేయడానికి కేటాయించింది 35 శాతం. 15 లక్షల మీద ఆ లెక్కే వేస్తే 5 లక్షల 25 వేలు. అంటే సుమారు 5 ఎకరాలకు ఎకరా లక్ష చిల్లర. ఆ ధరకు నీటి వసతి వున్న నేల ఎక్కడ దొరుకుతుందో రైతులకు వేరే చెప్పాలా?

పోనీ, భూమి ఇచ్చారే అనుకుందాం. తపసి బంక, తేనె, కుంకుడుకాయ ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ముకునే మనిషికి ఎడ్లు లేవు, బోరు లేదు, విత్తనం పెట్టుబడి లేదు. తరాలుగా సేద్యం చేసిన రైతే అప్పుల్లో మునుగుతుంటే, కొత్తగా నాగలి పట్టినవాడు నిలుస్తాడా? రెండు కార్లు తిరిగేసరికి భూమి షావుకారు చేతికి, మనిషి కూలి అడ్డాకు చేరతాడు. రొక్కం తీసుకున్నవాడికైతే ఆ పాటి ఆసరా కూడా మిగలదు.

చట్టం చెప్పేది వేరు

2006 అటవీ హక్కుల చట్టం, అదే ఏడాది సవరించిన వన్యప్రాణి చట్టం ఏమంటున్నాయి? ముందు హక్కులు గుర్తించాలి. మనిషీ జంతువూ కలిసి బతకడం సాధ్యం కాదని నిరూపించాలి. గ్రామసభ సంగతంతా తెలుసుకుని, తన ఇష్టంతో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పునరావాసం ఏర్పాట్లు పూర్తి కావాలి. ఇవన్నీ అయ్యాకే ఎవరినైనా కదిలించాలి.

చాలా పెంటలకు సరైన దారి లేదు, వైద్యం అందదు. అడవిలో రోడ్డేస్తామంటే అనుమతి రాదు. ఏళ్ళ తరబడి ఇట్లా ఎండగట్టి, చివరికి విసిగిపోయినవాడు వేలిముద్ర వేస్తే దాన్ని ఇష్టపూర్వకం అనడం న్యాయమేనా?

కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలకు 2011లో సామూహిక అటవీ హక్కులు గుర్తించారు. వాళ్ళు అక్కడే బతుకుతున్నారు, పులులూ వున్నాయి. నల్లమలలో అది ఎందుకు సాధ్యం కాదు?

పులి బతకాలి, అందులో మాకు రెండో మాట లేదు. చెంచు కూడా బతకాలి. ప్రతి పెంటకూ సామూహిక హక్కు పత్రం ఇవ్వాలి. అది ఇచ్చేదాకా తరలింపు మాటే ఎత్తకూడదు. ఇష్టపడి వెళ్ళినవాళ్ళకు నీళ్ళున్న భూమి చూపించి, సేద్యంలో నిలదొక్కుకునేదాకా ఆదుకోవాలి. అడవి తల్లి ఒడినుంచి విడదీసిన మనిషి రేపు మైదానంలో కూలికి పోటీ పడేది మన ఊరి పేదతోనే. అందుకే ఇది చెంచుల ఒంటరి పోరాటంగా మిగలకూడదు. రైతు, వ్యవసాయకూలీ సంఘాలు వాళ్ళ పక్కన నిలవాలి.