దేశపు గడియారానికి గీత మన కొండల మీదుగానే!

కర్ర నీడతో కాలం, బంతితో చందమామ - మన్యం బడుల్లో చెప్పదగిన పాఠం

పాడేరు: కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా గడియారాలన్నీ ఏ లెక్కన నడుస్తున్నాయో ఆ లెక్కకు ఆధారమైన గీత మన్యం కొండల మీదుగా పోతోంది. అదే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. పిల్లలు దీనిని ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గరి గీతగా బట్టీ పడతారు. కాని అదే గీత దక్షిణానికి వచ్చి, పాడేరుకు చింతపల్లికి నడుమనున్న కొండలు దాటుతుంది. లంబసింగి ప్రాంతం దాదాపు దీని మీదే ఉంది.

భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. 82½ డిగ్రీలకు 330 నిమిషాలు, అంటే 5½ గంటలు. లండన్ దగ్గరి గ్రీనిచ్ కాలం కన్నా మన కాలం అంత ముందుంటుంది. 1906లో ఈ కాలాన్ని దేశానికి ప్రమాణంగా పెట్టినా కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు సొంత కాలాన్ని వదలలేదు.

ఆవరణలో కర్ర

ఈ పాఠానికి తిన్నని కర్ర ఒకటి చాలు. దానిని బడి ఆవరణలో నిటారుగా పాతి, పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా అయిదేసి నిమిషాలకు నీడ కొసన గులకరాయి పెట్టించాలి. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడే అసలైన మిట్టమధ్యాహ్నం. పాడేరు ఆ గీతకు కొద్దిగా తూర్పున ఉన్నందున తేడా నిమిషం లోపే. ఏప్రిల్, జూన్ నెలల మధ్యలోను, సెప్టెంబరు మొదటి రోజున, డిసెంబరు 25 ప్రాంతంలోను ఇది ఇంచుమించు సరిగ్గా 12 గంటలకే వస్తుంది. ఫిబ్రవరిలో సుమారు 14 నిమిషాలు ఆలస్యంగా, నవంబరు మొదట్లో సుమారు 16 నిమిషాలు ముందుగా వస్తుంది. భూమి ఒరిగి ఉండడం, దాని దారి సరైన వృత్తం కాకపోవడం ఇందుకు కారణాలు. అదే ముంబయిలో కర్ర పాతితే, ఏ రోజైనా మనకన్నా దాదాపు 39 నిమిషాలు వెనుక.

చీకటి గదిలో బంతి

చంద్రుని మీద భూమి నీడ పడటం వల్లనే కళలు తగ్గుతాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. చీకటి గదిలో ఒక దీపం పెట్టి, పిల్లవాడి చేతికి పుల్లకు గుచ్చిన తెల్లబంతి ఇవ్వాలి. దీపం సూర్యుడు, పిల్లవాడి తల భూమి, బంతి చంద్రుడు. బంతిని తలకన్నా కొంచెం ఎత్తుగా పట్టుకుని దీపం వైపు చూస్తే వెలుగు కనపడదు, అది అమావాస్య. ఎడమకు పావు వంతు తిరిగితే కుడి సగం వెలుగుతుంది, అది శుక్ల అష్టమి. దీపానికి వీపు పెడితే పున్నమి. అప్పుడు బంతిని కిందికి దించితే తల నీడ దాని మీద పడుతుంది. అదొక్కటే గ్రహణం. చంద్రుని దారి సుమారు 5 డిగ్రీలు ఒరిగి ఉన్నందున ప్రతి పున్నమికీ గ్రహణం రాదు.

హాస్టలు వరండాలో నెల రోజులు

రాత్రిపూట పిల్లలంతా ఒకచోట ఉండటం ఆశ్రమ పాఠశాలలకున్న సదుపాయం. వానాకాలం మబ్బులు పోయాక, కార్తీకం నుంచి ఫాల్గుణం లోగా, విదియ నాడు మొదలుపెట్టి రోజూ ఏడు గంటలకు చంద్రుడు ఏ కొండకు, ఏ చెట్టుకు ఎదురుగా ఉన్నాడో బొమ్మ గీయించాలి. రోజురోజుకూ తూర్పుకు జరుగుతాడు. పున్నమి దాటాక రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. బహుళ అష్టమికి తెల్లవారుజామున నడినెత్తిన కనిపిస్తాడు. ఇలా 29½ రోజులకు లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

చైత్రమాసంలో ఇటుకల పండుగ చేసుకునే మన్యం పెద్దలకు చందమామ లెక్క కొత్త కాదు. సెలవులకు ఇంటికి వెళ్లిన పిల్లలు ఆ పెద్దలను అడిగి, తమ భాషలో నెలలకు, వెన్నెల రోజులకు ఉన్న పేర్లు రాసుకు రావచ్చు. అప్పుడు పాఠం ఇంటిదీ అవుతుంది, బడిదీ అవుతుంది.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండరు చంద్రునిపై దిగేసరికి అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. ఆ పగలు మన లెక్కలో సుమారు 14 రోజులు. చీకటి పడకముందే యంత్రాలను నిద్రపుచ్చారు. మళ్లీ తెల్లవారినా అవి మేల్కొనలేదు. బంతిని చేతపట్టి తిరిగిన పిల్లవాడికి ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. కావలసింది కర్ర, బంతి, దీపం, పంతులుగారికి నెల రోజుల ఓపిక.