బడికి పెట్టిన సొమ్ము బూడిదలో పోసిన పన్నీరా?

అమీరుపేటలో మైత్రీవనము చుట్టునున్న వీథులలో కోచింగు కేంద్రముల బోర్డులు మేడల అంచులవఱకు వ్రేలాడుచుండును. నెల్లూరునుండియు నిజామాబాదునుండియు వచ్చిన యువకులు హాస్టలు గదులలో నలుగురైదుగురు చొప్పున సర్దుకొని, తండ్రి అప్పుచేసి పంపిన సొమ్మును జావా, పైథాను మొదలైన విద్యలకు ఫీజుగా చెల్లించుచుందురు; ఆ సొమ్ము వృథాయని వారుగాని వారిని కన్నవారుగాని తలపరు, ఏలయనగా ఉద్యోగము దొరకిననాడు పెట్టిన పెట్టుబడి జీతరూపమున తిరిగివచ్చుట కన్నులకు కనబడును. అచ్చటికి కొలది దూరముననే బోరబండ కలదు. సైట్ 1, సైట్ 2, సైట్ 3 అని అంకెలతో పిలువబడు ఈ బస్తీలలో తాపీపనివారు, ఆటో నడుపువారు, కుట్టుపనివారు, సనత్‌నగరు కర్మాగారములలో కూలికి పోవువారు, పెద్దయిండ్లలో పాచిపని చేయు స్త్రీలు నివసింతురు. వీరి బిడ్డలకై నడుచు సర్కారు బడిలో ఫీజు లేదు. పుస్తకములు, యూనిఫారము, మధ్యాహ్నభోజనము ప్రభుత్వమే ఇచ్చును. ఒకటవ తరగతిలో చేరిన బాలిక సంపాదనపరురాలగుటకు పదునైదేండ్లకు పైబడి పట్టును. ఆ ఫలము ఆమెతో ఆగక ఆమె బిడ్డలకును, ఇరుగుపొరుగునకును, ఆమెను ఎన్నడును చూడని పన్నుదారునకును కొంతకొంతగా చేరును. వెచ్చించువాడొకడు, అనుభవించువాడు మఱియొకడు అయినచోట లెక్క తేలుట కష్టము. కావుననే కోచింగు ఫీజునుగూర్చి ఎన్నడును పుట్టని సందేహము సర్కారు బడినిగూర్చి తఱచుగా పుట్టుచున్నది: ఇంత ధనము వెచ్చించుటకు తగిన ఫలము దక్కుచున్నదా?

ఈ సందేహము నేటిది కాదు. దత్తమండలములలో కలెక్టరుగా పనిచేసి ప్రజల మన్ననలందిన సర్ థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా 1826లో, జిల్లాకు రెండు పెద్ద పాఠశాలలను, తహశ్శీలునకు ఒక్కొక్క చిన్న పాఠశాలను ప్రభుత్వవ్యయముతో నెలకొల్పవలెనని ప్రతిపాదించెను. అయితే తహశ్శీలు ఉపాధ్యాయునకు నెలకు 9 రూపాయలు మాత్రమే నిర్ణయించి, అంతకు తక్కువగాని మొత్తమును అతడు శిష్యులనుండి రాబట్టుకొనగలడని తలపోసెను. మరుసటి యేడు మన్రో పత్తికొండలో కలరాచే మరణించెను. 1836లో ఆ పాఠశాలలు ఎత్తివేయబడినవి. దానికి ముందే, 1817లో, తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి తన ప్రజల విద్యావ్యయమంతయు రాజ్యమే భరించవలెనని ప్రకటించియుండెను. 2011 జనాభా లెక్కలలో కేరళ అక్షరాస్యత నూటికి 94, నేటి తెలంగాణ ప్రాంతములో 66కు కొంచెము పైన. అంతటికి ఆ రాణి ప్రకటనయే కారణమనుట అతిశయోక్తి యగును. క్రైస్తవ మిషనులు, శ్రీనారాయణగురువు మొదలైన సంస్కర్తలు అచ్చట చేసిన కృషి సామాన్యమైనది కాదు. అయినను, రెండు శతాబ్దములకు పూర్వము ఒక రాజ్యము బడిఖర్చు తనదని ఒప్పుకొనుటకును, పొరుగున మఱియొకటి ఆ ఖర్చును ఉపాధ్యాయుని నెత్తిమీదికి నెట్టుటకును గల భేదము చరిత్ర మఱచిపోదగినది కాదు.

1911లో గోపాలకృష్ణ గోఖలే నిర్బంధ ప్రాథమికవిద్యా బిల్లును ప్రవేశపెట్టి, వ్యయములో మూడింట రెండువంతులు ప్రభుత్వము, ఒకవంతు స్థానికసంస్థలు భరించవచ్చునని సూచింపగా, మరుసటి సంవత్సరము ఆ బిల్లు 38 ఓట్లకు 13 ఓట్లుగా ఓడిపోయెను. స్వతంత్ర భారత రాజ్యాంగము పదేండ్లలో 14 ఏండ్లలోపు పిల్లలందఱికిని ఉచిత నిర్బంధవిద్య కల్పింప యత్నింపవలెనని ఆదేశించెను. అది ప్రాథమికహక్కుగా చట్టరూపము దాల్చి అమలునకు వచ్చుటకు 2010 ఏప్రిల్ 1 వఱకు వేచియుండవలసి వచ్చినది. జాతీయాదాయములో నూటికి 6 వంతులు విద్యకు కేటాయింపవలెనని కొఠారీ సంఘము 1966లో చెప్పినది. 2020 జాతీయ విద్యావిధానము అదే మాటను మఱల చెప్పినది. ఏబదినాలుగేండ్ల పిదపకూడ ఒకే లక్ష్యమును తిరిగి వ్రాసికొనవలసివచ్చుటయే మన శ్రద్ధకు కొలత. తెలంగాణ 2025-26 బడ్జెటులో 3,04,965 కోట్లకుగాను విద్యకు దక్కినది 23,108 కోట్లు, అనగా నూటికి ఎనిమిదికి లోపే. అందును అధికభాగము జీతములకే పోవును. జీతములకు పోవుటలో తప్పులేదు, చదువు చెప్పునది మనుష్యుడే కదా. ఆ మనుష్యుడు బడిలో ఉన్నాడా, చెప్పుచున్నాడా, చెప్పినది పిల్లవానికి అబ్బినదా అనునవి అడుగవలసిన ప్రశ్నలు.

ఇచ్చట విమర్శకుల వాదము బలమైనది, దానిని దాటవేయుట న్యాయము కాదు. 2003లో దేశవ్యాప్తముగా ముందుగా చెప్పకుండ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు వెళ్లి చూడగా, నూటికి 25 మంది ఉపాధ్యాయులు బడిలోనే లేరు. సుమారు సగముమంది మాత్రమే పాఠము చెప్పుచు కనబడిరి. గ్రామీణ భారతమున ప్రథమ్ సంస్థ జరుపు ‘అసర్’ పరిశీలనలో, 2024లో, ప్రభుత్వ పాఠశాలల అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు నూటికి 45 మందికి మించలేదు. అయిదేండ్లు బడికి పంపి, అన్నము పెట్టి, పుస్తకములిచ్చి, కడకు ఒక చిన్న కథ చదువలేని పిల్లవానిని చూచినపుడు ఏ తల్లికైనను కడుపు తరుగుకొనిపోవును. ఇది ధనము తక్కువయగుటచేత మాత్రమే కలిగిన దుఃస్థితి కాదు.

ఈ చిక్కును విడదీసి చూపిన పరిశోధనలలో మిక్కిలి పేర్గాంచినవి మన తెలుగునేలమీదనే జరిగినవని చాలమంది ఎఱుగరు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను, ప్రపంచబ్యాంకుల సహకారముతో కొన్ని సంవత్సరములపాటు వందలకొలది గ్రామములలో పరీక్షలు జరిపిరి. వారి పద్ధతి సులభము: చీటీలు వేసి కొన్ని బడులకు ఒక సౌకర్యము కల్పించుట, మిగిలినవానిని యథాతథముగా ఉంచుట, పిదప రెండింటి పిల్లలకు ఒకే పరీక్ష పెట్టి చూచుట. కొన్ని బడులకు పిల్లవానికి సుమారు 125 రూపాయల చొప్పున సామగ్రి గ్రాంటు ఇచ్చిరి. మొదటి యేడు, ఎవరును ఎదురుచూడని సొమ్ము కావున, పిల్లల చదువు మెఱుగుపడినది. రెండవ యేడు గ్రాంటు వచ్చునని ముందే తెలిసిన తల్లిదండ్రులు తాము కొనవలసిన నోటుపుస్తకములు, పలకలు కొనుట తగ్గించుకొనిరి, చదువులో హెచ్చు కనబడలేదు. ఇందు వారి దోషమేమియు లేదు. చాలీచాలని సంసారములో పలకకు మిగిలిన పది రూపాయలు పప్పుకు పోవును. ఆ కుటుంబమునకు మేలే జరిగినది, కాని అక్షరము పెరుగలేదు.

మఱికొన్ని బడులలో, పిల్లల మార్కులు పెరిగినచో ఉపాధ్యాయులకు చిన్న బహుమానము ప్రకటించిరి. అది సగటున ఏడాది జీతములో నూటికి 3 వంతులు మాత్రమే. రెండేండ్లలో గణితమునను భాషయందును ఆ బడుల పిల్లలు ఇతరులను స్పష్టముగా మించిరి. బహుమానముతో సంబంధములేని సామాన్య, సాంఘికశాస్త్రములలోకూడ మెఱుగైరి. అదే ధనముతో అదనపు ఉపాధ్యాయుని గాని, సామగ్రిని గాని ఇచ్చిన బడులకుకూడ కొంత ఉపయోగము కలిగెను, కాని అంతగా కాదు. నాకు ఈ ఫలితమునుండి తోచిన యర్థము: ఉపాధ్యాయుడు సోమరియని కాదు, అతని శ్రమను ఇంతకాలము ఎవరును గమనింపలేదని.

ఇక అన్నిటికంటె వివాదాస్పదమైనది ప్రైవేటు బడుల పరీక్ష. 2008నుండి 2012వఱకు అయిదు జిల్లాలలోని 180 గ్రామములను ఎన్నుకొని, వానిలో కొన్నింట లాటరీలో గెలిచిన పేద పిల్లలను ప్రభుత్వ బడినుండి ప్రైవేటు బడికి ఉచితముగా పంపిరి. నాలుగేండ్లకు చూడగా తెలుగులోను గణితములోను ఆ పిల్లలకును, సర్కారు బడిలోనే ఉన్న పిల్లలకును భేదము లేదు. హిందీలో మాత్రము ప్రైవేటు పిల్లలు చాల ముందుండిరి. అయితే ప్రైవేటు బడి పిల్లవానిపై పెట్టినది సర్కారు వ్యయములో మూడవవంతునకు లోపు. దాని ఉపాధ్యాయుని జీతము సర్కారు ఉపాధ్యాయుని జీతములో ఆరవవంతైనను లేదు. దీనిని చూపి ప్రభుత్వము బడులు మూసి తల్లిదండ్రుల చేతికి ప్రైవేటు బడి ఫీజునకు చీటీలీయవచ్చునని వాదించువారు కలరు. ఆ వాదములోని సత్యమును ఒప్పుకొందము: తక్కువ ఖర్చుతో అంతే చదువు చెప్పుట సాధ్యమే. కాని అదే పరిశోధన మఱియొక సత్యమునుకూడ చెప్పుచున్నది. టై, బూటు, ఇంగ్లీషు మీడియము బోర్డు చూచి, కడుపు కట్టుకొని ఫీజు కట్టుచున్న బోరబండ తండ్రి కొనుచున్నది తాను తలచినంత గొప్ప చదువు కాదు. పైగా అయిదారు వేల జీతముతో చదువుకొన్న యువతులను ఒకటి రెండేండ్లు పనిచేయించుకొని పంపివేయు పద్ధతిమీద ఒక రాష్ట్రపు విద్యావ్యవస్థను కలకాలము నిలుపలేము. మన్రో దొరగారి 9 రూపాయల కథ మఱల జరుగును.

బడికి పెట్టిన ధనము ఫలించునా యను ప్రశ్నకు దూరదేశములనుండి వచ్చు సమాధానము మనకు ధైర్యమిచ్చునదియే. ఇండొనీసియా ప్రభుత్వము 1973 మొదలు అయిదారేండ్లలో, చమురు రాబడితో, 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టించెను. 2019లో నోబెల్ బహుమతి పొందిన ఎస్తేర్ డుఫ్లో, ఆ బడులలో చదివిన తరము పెద్దదైన పిదప లెక్కచూడగా, ఒక్కొక్క సంవత్సరపు అదనపు చదువునకు వేతనము నూటికి 7 మొదలు 10 వంతులవఱకు హెచ్చినదని తేలెను. అమెరికాలో పన్నెండేండ్ల బడిచదువు పొడుగునను ప్రతి విద్యార్థిపై వ్యయమును నూటికి 10 వంతులు పెంచినచోట, వారు పెద్దవారైన పిదప వేతనము సుమారు 7 వంతులు హెచ్చెననియు, పేదయింటి బిడ్డలయందు ఆ ఫలము మఱింత స్ఫుటముగా కనబడెననియు 2016లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. పరీక్ష పెట్టి వెంటనే కొలిచినచో కనబడని ఫలము ఇరువదేండ్లకు జీతపు చీటీలో కనబడవచ్చును; తొందరపడి తీర్పు చెప్పువారు దీనిని గమనింపవలెను.

మార్కులలో కనబడని ఫలములుకూడ కలవు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశము ననుసరించి 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ బడులలో వండిన భోజనము మొదలైనది. కరవునకు చిక్కి కృశించిన తెలుగు పల్లెల పసిపిల్లలు బడిభోజనమువలన మఱల కోలుకొనిరని, ఆ రాష్ట్రపు పిల్లలను ఏండ్లతరబడి వెంబడించి చూచిన ‘యంగ్ లైవ్స్’ పరిశీలన ఆధారముగా తేలినది. బాలికలుగా ఆ భోజనము తిన్నవారికి పుట్టిన బిడ్డలు మెఱుగుగా ఎదిగిరని దేశవ్యాప్తమైన మఱియొక పరిశోధన 2021లో చూపెను. రెండు తరములకు బలమిచ్చు ఆ పూటకూటిని వృథావ్యయమని ఎవరనగలరు? 1971లో పి.వి. నరసింహారావు చొరవతో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకులమునుగూర్చియు ఇట్లే చెప్పవచ్చును. సాధారణ బడికంటె గురుకులమునకు ఖర్చు ఎక్కువ. అయినను సాంఘికసంక్షేమ గురుకులములో చదువుచున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు నెక్కుట చూచిన పిదప, వ్యవసాయకూలీల బిడ్డ యెత్తు ఇంతేయని కొలువ సాహసించువారెవరు?

కావున నా తీర్పు సందిగ్ధము కాదు: వెచ్చింపవలసినదే, నేటికంటె ఎక్కువగా వెచ్చింపవలసినదే, కాని వెచ్చించు క్రమము మారవలెను. తెలంగాణలో 2022లో మన ఊరు మన బడి, పట్టణములలో మన బస్తి మన బడి పేరుతో 26,065 బడుల మరమ్మతులకు 7,289 కోట్లు ప్రకటించిరి. కురియని పైకప్పు, తలుపున్న మరుగుదొడ్డి, ముఖ్యముగా ఎదిగిన ఆడపిల్లలకు, విలాసములు కావు. అయితే అదే కాలమున 2017 నోటిఫికేషను తరువాత మఱల 2023వఱకు ఉపాధ్యాయ నియామకములకు క్రొత్త నోటిఫికేషను లేదు, వచ్చినదియు నియామకములు జరుగకయే రద్దయినది. 2024లో 11,062 పోస్టులకు ప్రకటన వెలువడు లోపల, ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాడు ఏడవ తరగతికి వచ్చినాడు. ఉపాధ్యాయుడు లేని క్రొత్త గదికి వేసిన రంగు చదువు చెప్పదు. మొదటి మూడు తరగతులలో పిల్లవానికి చదువుట, వ్రాయుట, కూడుట వచ్చువఱకు ప్రభుత్వపు తొలి రూపాయి అచ్చటికే పోవలెను. ఆ పునాది లేనివానికి పై తరగతులలో ఇచ్చు ట్యాబులు, డిజిటల్ తెరలు అందని పండ్లు.

బోరబండ తల్లులకు, తండ్రులకు ఒక్క మాట. సబ్బుకొన్నను, చెప్పులుకొన్నను మీరు పన్ను కట్టుచున్నారు; ఆ పన్నుతోనే మీ వీథిలోని సర్కారు బడి నడుచుచున్నది; ప్రైవేటు బడికి పంపినచో అదే చదువునకు రెండవమారు చెల్లించుచున్నారు. విద్యాహక్కు చట్టము ప్రకారము సర్కారు బడి యాజమాన్య సంఘములో నాలుగింట మూడువంతులమంది తల్లిదండ్రులు, సగముమంది స్త్రీలు ఉండవలెను. ఆ సమావేశమునకు వెళ్లుడు. మూడవ తరగతి పిల్లవానిని పిలిచి తెలుగువాచకములో ఒక పుట బిగ్గరగా చదివించుడని ఉపాధ్యాయులను గౌరవముగా అడుగుడు. చదువలేకపోయినచో ఎప్పటికి చదివింతురో తేదీ చెప్పుమనుడు, ఆ తేదీనాడు మఱల వెళ్లుడు.