పనుల భారం – గుండెదడ – మనస్సుకు నిలకడ

‘‘చేయవలసిన పనులు చాలా ఉన్నవి, ఏది ముందు చేయాలో తోచడం లేదు, గుండె దడగా ఉన్నది’’ అని చెప్పుకొనే రోగులు మా వైద్యశాలకు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. అయితే భాద్రపదం చివరి నుండి దసరా వరకు వారి సంఖ్య బాగా పెరుగుతుంది. మా బాన్సువాడ నిజాంసాగర్ కాలువ కింద ఉన్న వరి ప్రాంతం. ఆ రోజులలో ఒకవైపు పైరు కంకి మీద ఉంటుంది, మరొకవైపు బతుకమ్మ, పిల్లల పరీక్షలు, ఆడపిల్లల రాకపోకలు. ఇవన్నీ ఒక్కసారిగా ఇల్లాలి నెత్తిన పడతాయి.

అటువంటి ఒక గృహిణి విషయం పాఠకులకు చెప్పదలచాను. వయస్సు నలభై దాటింది. ఇంటివద్దనే జాకెట్లు కుడతారు. భర్త రైస్ మిల్లులో గుమాస్తా. అత్తగారు మంచం పట్టి ఏడాది అయినది. ఆమె మాటలు ఆమె భాషలోనే వినండి. ‘‘సారూ, పని ఎంత చేసినా ఒడుస్తలేదు. మిషను తొక్కుతుంటే వంట యాదికొస్తది, వంట చేస్తుంటే జాకెట్లు యాదికొస్తయి. రాత్రి రెండింటికి మెలకువ అయితది, ఇగ నిద్ర రాదు. గుండె దడదడ కొట్టుకుంటది. నాకు గుండెజబ్బు వచ్చిందేమో సారూ.’’

నాడి చూశాను. వేగంగా, వాత ప్రధానంగా ఉన్నది. అయినా ఆ రోజు ఏ ఔషధమూ ఇవ్వలేదు. రక్త పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ చేయించుకొని రమ్మన్నాను. నాడి పట్టే వైద్యుడు యంత్రాల వద్దకు పంపడమేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. గుండెదడ ఒక లక్షణం మాత్రమే. రక్తహీనతలో, థైరాయిడ్ అధికంగా పనిచేసినప్పుడు, గుండె లయ తప్పినప్పుడు కూడా అదే దడ కలుగుతుంది. ఈసీజీలో, థైరాయిడ్‌లో దోషం కనబడలేదు. రక్తంలో హిమోగ్లోబిన్ మాత్రం 9 గ్రాములే ఉన్నది. స్త్రీలకు 12కు తగ్గకూడదు. ‘ఇదంతా చింత వలననే’ అని మొదటి రోజే తీర్మానించి కషాయం ఇచ్చి పంపి ఉంటే ఆమెకు అన్యాయం చేసినవాడినయ్యేవాడిని. ఇనుము మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో తీసుకోమని, ఆ మాత్రలతో పాటు టీ తాగవద్దని చెప్పాను. టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఇక మిగిలినది చింత. అతిగా చింతించడం వలన రసవహ స్రోతస్సులు దుష్టి చెందుతాయని చరకుడు విమానస్థానంలో చెప్పాడు. ఆ స్రోతస్సులకు మూలం హృదయం. అందుచేతనే దిగులు ముందుగా గుండెలోనే తెలుస్తుంది. స్రోతస్సు అంటే కాలువ. ఈ మాట మా ప్రాంతం వారికి విడమరచి చెప్పవలసిన పని లేదు. 1923లో మంజీర మీద మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్లతోనే మా పొలాలు పండుతున్నవి. నీళ్లు తక్కువైన ఏడాది వంతులవారీగా వదులుతారు. వంతు లేకుండా తూములన్నీ ఒకేసారి ఎత్తితే పై రైతుకూ సరిగా పారదు, చివరి రైతుకు అసలే అందదు. నీళ్లు అవే, కాలువ అదే. వంతు తప్పడమే కీడు.

మనస్సు విషయమూ ఇట్టిదే. మనస్సుకు అణుత్వం, ఏకత్వం అనే రెండు గుణాలున్నాయని చరక సంహిత శారీరస్థానంలో ఉన్నది. మనస్సు అతి సూక్ష్మం, ఒక్కటే. కనుక అది ఒక క్షణంలో ఒక విషయాన్ని మాత్రమే పట్టుకోగలదు. రెండు పనులు కలిపి చేస్తున్నామని మనం అనుకొనేటప్పుడు అది ఒకదాని నుండి మరొకదానికి పరుగులు తీస్తూ ఉంటుంది. అలసట కలిగించేది ఆ పరుగే.

ఇది నాకు గ్రంథం చదివి బోధపడలేదు. నలభై ఏళ్లకు పైబడిన మాట. గురువుగారి ఇంట చదువుకొనే రోజులలో ఒకనాడు రెండు పొయ్యిలు వెలిగించి, ఒకదాని మీద తైలం, మరొకదాని మీద ఘృతం ఎక్కించాను. రెండూ త్వరగా ముగించి పాఠం వల్లె వేయాలని నా ఆత్రం. తైలం పాకానికి వచ్చినప్పుడు నురుగు పుడుతుంది. ఘృతం పాకానికి వచ్చినప్పుడు నురుగు అణగిపోతుంది. గుర్తులు ఒకదానికొకటి విరుద్ధం. ఇటు చూసి అటు తిరిగేలోగా తైలం మాడిపోయింది, ఘృతం పచ్చిగానే దించాను. ఆరు రోజులు దంచి, నూరి సిద్ధం చేసిన ద్రవ్యమంతా వృథా అయినది. గురువుగారు కోపగించుకోలేదు. ‘‘నాయనా, పొయ్యిలు రెండు పెట్టావు, మనస్సులు ఎన్ని తెచ్చుకున్నావు?’’ అని మాత్రం అడిగారు. మరునాటి నుండి నెల రోజులు నాకు ఒకే పొయ్యి ఇచ్చారు.

ఆ గృహిణికి నేను చెప్పిన మొదటి చికిత్స కాగితం, కలం. కొలతలు రాసుకొనే పుస్తకంలోనే చేయవలసినవన్నీ రాయమన్నాను. చిన్నవీ పెద్దవీ కలిపి ముప్పై ఒకటి అయినవి. వాటిలో ‘ఈరోజు చేయకపోతే నష్టం కలిగేవి ఏవి?’ అని ఒక్కొక్కటే అడిగాను. నాలుగు తేలాయి. ఆమె ఆశ్చర్యంతో పుస్తకం వైపు చూసి, ‘‘నాలుగేనా సారూ?’’ అన్నది. మిగిలిన ఇరవై ఏడూ అబద్ధం కావు. వాటి వంతు ఇంకా రాలేదు, అంతే. మిషను తొక్కేటప్పుడు వేరే పని గుర్తుకు వస్తే లేవకూడదు, ఆ పుస్తకంలో ఒక మాట రాసి మళ్లీ కుట్టుకోవాలి. రాసిపెట్టిన దానిని మనస్సు పదేపదే జ్ఞప్తి చేయదు. అర్ధరాత్రి మెలకువ వచ్చినా ఇదే పద్ధతి. మరో మాట కూడా చెప్పాను. అత్తగారికి మధ్యాహ్నం అన్నం పెట్టే పని భర్తో కుమార్తెనో చూడవలెను. దీనికి ఏ లేహ్యమూ ప్రత్యామ్నాయం కాదు. భర్తను పిలిపించి చెప్పాను. ఆయన కొంచెం గొణిగినా ఒప్పుకున్నారు.

రెండవది వాత శమనం. సమయానికి తినకపోవడం, రాత్రి మేల్కొనడం, మలమూత్ర వేగాలను ఆపుకోవడం వాతాన్ని ప్రకోపింపజేస్తాయి. పని తొందరలో మన గృహిణులు చేసేవి సరిగా ఈ మూడే! రాత్రి చివరి భాగం వాత కాలం. రెండు గంటలకు మెలకువ రావడంలో వింత లేదు. కనుక వేడి అన్నం వేళకు తినాలి. ఆమె రోజుకు ఆరు కప్పుల టీ తాగేవారు. రెండుకు తగ్గించి, సాయంత్రం నాలుగు తర్వాత పూర్తిగా మానమన్నాను. రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వుల నూనె రెండు చెంచాలు అరికాళ్లకు ఐదు నిమిషాలు మర్దన చేసి తుడుచుకోవాలి, లేకుంటే జారిపడతారు. గేదె పాలకు నిద్ర పట్టించే గుణమున్నదని మన గ్రంథాలు చెప్తున్నవి. ఒక గ్లాసు వెచ్చని గేదె పాలలో జాజికాయ పొడి చిటికెడుకు మించకుండా కలిపి తాగవచ్చును. మించితే మత్తు, వాంతులు కలుగుతాయి. గర్భిణులు జాజికాయ వాడరాదు.

దడ పుట్టిన క్షణంలో చేయదగినది ఒకటున్నది. కూర్చొని, నాలుగు అంకెలు లెక్కించే వరకు శ్వాస పీల్చి, ఆరు అంకెల వరకు మెల్లగా వదలాలి. ఇలా పది సార్లు. శ్వాసను బిగబట్టవద్దు. వదలడం దీర్ఘమైతే గుండె వేగం నెమ్మదిస్తుంది.

సరస్వతి ఆకు మేధ్య ద్రవ్యం. పది ఆకులతో పచ్చడి చేసుకొనవచ్చును. తేమ నేలలలో దొరుకుతుంది, కాని పురుగుమందులు కొట్టిన పొలాల గట్ల మీద కోయవద్దు. పెరటి కుండీలో పెంచుకోవడం మేలు. అశ్వగంధ చూర్ణం టీవీలో ప్రకటన చూసి కొని వాడేవారు ఎక్కువైనారు. గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు దానిని వాడరాదు. థైరాయిడ్ మాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా తీసుకోరాదు.

ఛాతీలో నొప్పి, చెమటలు, స్పృహ తప్పడం ఉంటే నూనె మర్దనలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దిగులు రెండు వారాలకు మించి విడువకుంటే, బ్రతుకు మీద విరక్తి మాటలు వస్తే ఇంటివారు తేలికగా తీసుకోవద్దు. 2022 నుండి ‘టెలి మానస్’ అనే ప్రభుత్వ సేవ 14416 నంబరులో ఉన్నది; తెలుగులోనే మాట్లాడవచ్చును.

దసరా అయిన పది రోజులకు ఆమె మళ్లీ వచ్చారు. మూడు జాకెట్లు పండుగకు అందలేదట. ఒక ఖాతాదారు అలిగి వేరే దర్జీ వద్దకు వెళ్లిపోయారట. నిద్ర మాత్రం తెల్లవారుజామున ఐదింటి వరకు పడుతున్నది. హిమోగ్లోబిన్ 10కి వచ్చినది. ఇనుము మాత్రలు మానవద్దని, సంక్రాంతికి మరొకసారి రక్తం చూపించుకోమని చెప్పి పంపాను.