తెల్లవారుజామున కడుపునొప్పి – కట్లపాము కాటు

ఒక వర్షాకాలపు ఉదయం, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే, పన్నెండేళ్ళ బాలుణ్ణి తల్లిదండ్రులు నా వైద్యశాలకు తీసుకువచ్చారు. కడుపులో నొప్పి, రెండు వాంతులు. “రాత్రి గారెలు ఎక్కువ తిన్నాడండీ, అజీర్ణం చేసిందేమో” అన్నది తల్లి. నేనూ అట్లే భావించాను. హింగ్వాష్టక చూర్ణం మజ్జిగతో ఇమ్మని వ్రాశాను. పొట్లం కట్టవలసిన మా సహాయకుడు కట్టలేదు. “అయ్యగారూ, ఒకసారి పిల్లవాని రెప్పలు చూడండి” అన్నాడు.

రెప్పలు సగం వాలి ఉన్నాయి. పైకి చూడమంటే నుదురు ముడతలు పడుతున్నదే గాని రెప్ప లేవడం లేదు. రాత్రి ఉక్కపోతగా ఉన్నదని వసారాలో నేలమీద చాప పరచుకొని పడుకున్నాడట. ఒంటిమీద వెతికినా గాటు కనబడలేదు. అది కట్లపాము కాటు. ఆ పొట్లం ఇచ్చి పంపివుంటే ఏమయ్యేదో తలచుకొంటే నేటికీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

కట్లపాము రాత్రివేళ సంచరిస్తుంది. దాని కోరలు చిన్నవి. కాటు చీమ కుట్టినట్లుండవచ్చు, నిద్రలో తెలియకనే పోవచ్చు. వాపు ఉండదు. విషం నాడులు కండరాలను కలిసేచోట పనిచేసి, ముందు రెప్పలను, పిమ్మట మెడను, మింగే శక్తిని, చివరకు శ్వాసను స్తంభింపజేస్తుంది. కాబట్టి నేలమీద నిద్రించినవారికి తెల్లవారుజామున కారణం తెలియని కడుపునొప్పి, వాంతి కలిగితే, వాము నీళ్ళకు ముందు రెప్పలను చూడండి.

సుశ్రుతాచార్యుడు కల్పస్థానంలో సర్పాలను దర్వీకర, మండలి, రాజిమంత భేదాలుగా విభజించాడు. మన నాగుపామును, పింజరులను, కట్లపామును ఆ మూడింటిలో స్థూలంగా గుర్తించవచ్చు. కాటుకు నాలుగంగుళాల పైన కట్టు కట్టడం, గాటు పెట్టడం, విషం పీల్చడం కూడ ఆయన చెప్పాడు. ఆనాటికి అంతకు మించిన సాధనం లేదు. నేడు ఉన్నది. బిగుతు కట్టు రక్తప్రసారాన్ని ఆపి అవయవానికే ముప్పు తెస్తుంది. పింజరి కాటులో గాటు పెడితే రక్తం ఆగదు. శాస్త్రంపై గౌరవంతోనే చెబుతున్నాను, ఈ విషయంలో మన వంటింట గాని, నా మందుల బీరువాలో గాని విరుగుడు లేదు. సర్పగంధ పేరు చూసి భ్రమపడేవారున్నారు. అది రక్తపోటుకు వాడే మూలిక. పాము రాయి, మంత్రం సంగతి చెప్పనక్కరలేదు. వేపాకు నమిలించి చేదు తెలుస్తున్నదా అని చూడడం మరీ ప్రమాదం. మింగే శక్తి తగ్గినవానికి ఆ ఆకే గొంతుకు అడ్డుపడుతుంది.

చేయవలసినది కొద్దిపాటిదే. రోగిని నడిపించకండి. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసివేయండి. కరచిన కాలికో చేతికో బద్ద ఆనించి, బిగించకుండా, విరిగిన ఎముకకు కట్టినట్లు కట్టండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. పామును చంపి వెంట తీసుకుపోనక్కరలేదు. దానికై వెతుకుతూ మరొకరు కాటు తిన్న సందర్భాలున్నాయి.

ఆసుపత్రులలో, నర్సింగుహోములలో సహాయకులుగా ఉన్న పాఠకులకు మరికొంత చెప్పాలి. ఎవరో కట్టిన బిగుతు కట్టును హడావుడిగా విప్పకండి. డాక్టరు పక్కన ఉండగా, సూది మందు సిద్ధమయ్యాక విప్పాలి. ఆగిన విషం ఒక్కసారిగా పైకి వచ్చే ప్రమాదమున్నది. కండరానికి ఇతర ఇంజెక్షన్లు వద్దు. రెండు మిల్లీలీటర్ల సిరరక్తాన్ని శుభ్రమైన, పొడి, కొత్త గాజు గొట్టంలో తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూడండి. గడ్డకట్టక పారితే అది పింజరి విషమని గ్రహించాలి. గొట్టం సబ్బుపొడితో కడిగినదైతే ఫలితం తప్పుతుంది. కట్లపాము కాటులో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది గనుక, గడ్డకట్టినదని రోగిని ఇంటికి పంపరాదు. రెప్పలను, మెడను, శ్వాసను చూస్తూ ఉండాలి. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కించగలడో గంట గంటకూ వ్రాసుకుంటే, శ్వాస తగ్గుదల ముందే పట్టుబడుతుంది.

మన దేశంలో లభించే యాంటీ స్నేక్ వెనం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే. గుఱ్ఱపు రక్తం నుండి తయారవుతుంది గనుక కొందరికి తీవ్రమైన ప్రతిచర్య రావచ్చు. అందుచేత ఎడ్రినలిన్‌ను సిరంజిలోకి తీసి పక్కనే ఉంచుకోవాలి. ముందుగా పరీక్ష సూది వేయనక్కరలేదు. పొడి మందును కరిగించేటప్పుడు సీసాను గిలకొట్టక మెల్లగా తిప్పాలి. నురగ వస్తే కరగడం ఆలస్యమవుతుంది. మొదటి విడత 8 నుండి 10 సీసాలు. పిల్లవాడని తగ్గించరాదు, పాము విడిచే విషం పిల్లవానికైనా పెద్దవానికైనా ఒకటే గదా!

ఆ బాలుణ్ణి మా సహాయకుడు ఆటోలో తన ఒడిలో పక్కకు తిప్పి పట్టుకొని పెద్దాసుపత్రికి చేర్చాడు. దారిలోనే మాట ముద్దగా అయింది. చేరిన కొద్దిసేపటికే శ్వాసయంత్రం పెట్టారు. కట్లపాము కాటులో మందు పడిన తర్వాత కూడ కండరాలు మేలుకొనడానికి రోజులు పడుతుంది; ఆ బాలునికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కన్ను తెరవలేదు, వేలు కదపలేదు. చూసినవారు ప్రాణం పోయిందనే అనుకొనేవారు. కోలుకొన్నాక మాత్రం, మంచం పక్కన ఎవరెవరు ఏమన్నారో పూసగుచ్చినట్లు చెప్పాడు. కదలిక పోయిందే గాని వినికిడి పోలేదు, తెలివీ పోలేదు. అట్టి రోగి దగ్గర “ఇక లాభం లేదు” అనే మాట అనకండి. పేరు పెట్టి పిలుస్తూ, ఏం చేస్తున్నారో చెబుతూ చేయండి.