మైదానములో మన బిడ్డ స్థలము ఎక్కడ?



మా కల్వకుర్తి ప్రాంతములో ఆటలంటే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. టీవీలు వచ్చిన తరువాత క్రికెట్. ఫుట్‌బాల్ ఆడే పిల్లలు తక్కువే. అయినా హాస్టళ్లలో ఉండి చదువుకునే మన సంఘ బిడ్డలు కొందరు ఆ ఆటను ఇష్టముగా నేర్చుకుంటున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు కోత అయిపోయిన చేలలో కూడా ఆడుతుంటారు. వారిలో ఒక రకపు బిడ్డను గురించి ఈ నెల వ్రాస్తున్నాము.

ఆ బిడ్డ అందరికంటె బలముగా తన్నేవాడు కాదు. అందరికంటె వేగముగా పరుగెత్తేవాడూ కాదు. కాని బంతి కాలికి రాగానే ఇతరులకు కనబడని దారి వానికి కనబడుతుంది. ఇద్దరి మధ్య నుండి మెల్లగా తోస్తే అది సరిగ్గా తోటివాని ముందుకు పోతుంది. గోల్ కొట్టేది ఆ తోటివాడు, చప్పట్లూ అతనికే. బంతి అందించినవాడు మధ్యలో నిలబడి ఉంటాడు. ఆటవారు ఇతనిని మిడ్‌ఫీల్డర్ అంటారు. గోల్ కాపాడే వెనుక వరుసకు, గోల్ కొట్టే ముందు వరుసకు నడుమ ఆడేవాడని అర్థము.

ఇట్టి బిడ్డను ఏ స్థలములో పెట్టాలన్నది చిన్న ప్రశ్నలా కనబడుతుంది. కాని ఆ ప్రశ్నకు జవాబు దొరకక ఎందరో పిల్లలు ఆట మానేస్తారు. కొందరు తమ తలాంతు మీదనే నమ్మకము పోగొట్టుకుంటారు.

ఒక తండ్రి అడిగిన మాట

మా సంఘములోని ఒక సహోదరుడు హైదరాబాదులో మేస్త్రీ పని చేసుకుంటూ కుటుంబమును పోషిస్తున్నాడు. అతని కుమారుడు ఇంటర్ మొదటి సంవత్సరము. కాలేజీ జట్టులో ఆడతాడు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత తండ్రి మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, వీడు ఏడాదంత ఆడినా ఒక్క గోల్ కొట్టలే. గోల్ కొట్టనోడు ఆడి ఏం లాభం? ఇగ మాన్పిస్త" అన్నాడు.

కుర్రవాడు తల వంచుకొని, "నన్ను అంచుకు ఏసిండ్రు అయ్యగారూ. పక్కన గీత ఉంటది. ఒక్క దిక్కే పోవాలె. బంతి కూడ ఎక్కువ రాదు" అన్నాడు.

తండ్రి ఇద్దరినీ ఆట చూడమని అడగలేదు. మేమే రమ్మని తీసుకొని వెళ్లాము. మొదటి సగము ఆటలో కుర్రవాడు ఎడమ అంచున ఉన్నాడు. తొమ్మిది సార్లు మాత్రమే బంతి అతని కాలికి వచ్చింది. రెండవ సగములో మధ్యలో ఆడే అబ్బాయికి కాలు బెణికితే ఇతనిని అక్కడికి మార్చారు. ఈసారి ముప్పై ఒక్కసారి బంతి తాకాడు. అతడు అందించిన బంతులతో రెండుసార్లు గోల్ దాకా వెళ్లారు. అయితే ఏడుసార్లు బంతిని పోగొట్టాడు కూడా. అందులో ఒకటి నేరుగా అవతలివారికి గోల్ అయ్యింది.

ఆట అయిన తరువాత వ్యాయామ ఉపాధ్యాయునితో మాట్లాడాము. ఆయన నెమ్మదిగా ఇట్లా అన్నారు: "వీనికి చూపు ఉంది సార్. కాని మన గోల్ ముందు బంతి పోగొడితే పదిమంది నష్టపోతరు. అంచున పోగొడితే అంత ముప్పు లేదు. అందుకే అక్కడ వేసిన." ఆ మాటలోనూ న్యాయమున్నది. తండ్రి గోల్ లెక్క చూస్తున్నాడు, ఉపాధ్యాయుడు జట్టు క్షేమము చూస్తున్నాడు, కుర్రవాడు తన కాలికి బంతి రావాలని చూస్తున్నాడు. ముగ్గురికీ కారణమున్నది. మరి స్థలము ఎట్లా తేలాలి?

హైదరాబాదు మాస్టారు

దీనికి మన నేలమీదనే గొప్ప మాదిరి ఉన్నది. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టి, బడి పంతులుగా పని చేసినవాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైన తరువాత ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయనే భారత జట్టునూ తీర్చిదిద్దాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన మన జట్టు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాలుగవ స్థానము పొందింది. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ చిత్రము ఆయన జీవితము మీద తీసినదే.

రహీం సాహెబు పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. మరొక పోటీలో బంతిని కాలితో నడిపించుకొని పోరాదు, వెంటనే అందించాలి. అట్లా ఆడిస్తే ఏ బిడ్డలో ఏమి దాగి ఉన్నదో బయటపడుతుంది. మాటలతో తేల్చలేని దానిని ఆయన మైదానములో పరీక్షించి తేల్చేవాడు.

ఆయన చేతిలో ఎదిగినవారిలో తులసీదాస్ బలరాం ఒకడు. 1936లో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పేద ఇంట పుట్టాడు. సాధన కొరకు హైదరాబాదుకు రావడానికి ఖర్చు పెట్టుకోలేని ఆ కుర్రవానికి రహీం సాహెబు సైకిలు అద్దెకు డబ్బు ఇచ్చాడు. తలాంతు ఉన్నదని మెచ్చుకొని ఊరుకోలేదు, అది మైదానము దాకా వచ్చే దారి కూడా చూశాడు. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో బర్నబా చేసినదీ ఇటువంటి పనియే. అంతియొకయలో పని పెరిగినప్పుడు, దానికి తగినవాడు తార్సులో ఉన్నాడని గుర్తెరిగి, ఆయనే వెళ్లి సౌలును వెదకి తీసుకొని వచ్చాడు.

బలరాం ముందు వరుసలో నడుమనూ ఆడగలడు, ఎడమ అంచుననూ ఆడగలడు. అవసరమైతే వెనక్కి వచ్చి బంతి అందుకొని ఇతరులకు అందించగలడు. ఇరవై ఏండ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. 1960 రోము ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ చేశాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలలో రహీం సాహెబు చేసిన పని మరీ గమనింపదగినది. వెనుక వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమయ్యింది. ఆయన అతనిని ఇంటికి పంపలేదు, ముందు వరుసకు మార్చాడు. జర్నైల్ సింగ్ సెమీఫైనల్‌లో ఒక గోల్, ఫైనల్‌లో ఒక గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాను 2-1తో గెలిచి భారతదేశము బంగారు పతకము తెచ్చుకున్నది. అప్పటికే రహీం సాహెబు క్యాన్సరుతో బాధపడుతున్నాడు. 1963 జూన్‌లో కన్నుమూశాడు. తన బలము తరుగుతున్న దినములలో కూడా ఇతరుల బలము ఎక్కడ పనికి వస్తుందో చూచినవాడు ఆయన.

వెనక్కి పిలిచినా చిన్నతనము కాదు

ఇటలీ దేశములో ఆంద్రేయా పిర్లో అనే ఆటగాడు ఉండేవాడు. 1979లో పుట్టాడు. చిన్ననాటి నుండి గోల్ కొట్టేవారికి కొంచెము వెనుకనే నిలబడి బంతులు అందించేవాడు. పెద్ద జట్టులో చేరినా అతనికి స్థిరమైన చోటు దొరకలేదు. 2001లో బ్రెషా జట్టుకు వచ్చినప్పుడు అతడు కోరుకున్న స్థలములో రొబెర్టో బాజియో అనే పేరుమోసిన పెద్ద ఆటగాడు ఉన్నాడు. అప్పుడు శిక్షకుడు మజోనే అతనిని ఇంకా వెనుకకు, తమ రక్షణ వరుస ముందుకు తెచ్చి నిలబెట్టాడు.

చూచేవారికి అది క్రిందికి దించినట్లే ఉంటుంది. కాని అక్కడ నిలబడితే మైదానమంతా అతని కండ్ల ముందు ఉన్నది. వెనుక నుండి వచ్చి మీద పడేవారు తక్కువ. దూరముగా బంతి అందించే అతని వరము అక్కడే విప్పారింది. తరువాత మిలాన్ జట్టులోనూ అదే స్థలములో ఆడాడు. 2006లో ఇటలీ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టుకు నడుమ నిలిచినవాడు ఇతడే.

ఇంకొక సంగతి మరువరాదు. పిర్లో పక్కన గట్టూసో అనే మరొకడు ఉండేవాడు. అలసిపోకుండా పరుగెత్తి, అవతలివారి కాళ్లనుండి బంతి లాక్కొనేవాడు. సొగసైన ఆట పిర్లోది, చెమట పని గట్టూసోది. ఒకడు లేకుండా రెండవవాని వరము సగమే. శరీరములోని అవయవములను గురించి పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసిన సంగతి మనకు కంఠస్థమే. కన్ను చూడగలదు గాని నడవడానికి కాలు కావాలి.

అలాగని చురుకైన బిడ్డలందరికీ నడుమనే చోటు అని చెప్పము. మన నిజామాబాదు ప్రాంతపు గుగులోతు సౌమ్య మొదట పరుగు పందెముల బిడ్డ. ఫుట్‌బాల్‌లోకి వచ్చిన తరువాత ఆ వేగమే ఆమెకు ఆస్తి అయ్యింది. అంచున పరుగెత్తే స్థలము ఆమెకు తగినది. భారత మహిళల జట్టులో ఆడి, 2024-25 సంవత్సరమునకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వారి ఉత్తమ క్రీడాకారిణి అయ్యింది. ఒకరికి ఇరుకైన అంచు మరొకరికి విశాలమైన బాట.

తల్లిదండ్రులు ఏమి చూడాలి?

ఆటను గురించి మనకు ఎక్కువ తెలియకపోయినా, గీత బయట నిలబడి కొన్ని సంగతులు చూడవచ్చు.

బంతి రాకముందే బిడ్డ తల త్రిప్పి అటు ఇటు చూస్తున్నాడా? ముందే చూచేవాడు నడుమ నిలువగలడు. బంతి వచ్చిన తరువాత మాత్రమే చూచేవానిని నడుమ పెడితే ఎదుటివారు మీద పడతారు. అతనికి కొంతకాలము అంచే మేలు.

రెండు కాళ్లతో అందించగలడా? ఒక్క కాలితోనే అయితే ఒక దిక్కు మూసుకొని పోయినట్లే.

బంతి పోగొట్టిన మరుక్షణము ఏమి చేస్తాడు? చేతులు నడుము మీద పెట్టుకొని నిలబడతాడా, వెనక్కి పరుగెత్తుతాడా? వరము ఎంత ఉన్నా ఈ ఒక్క సంగతి దగ్గరే శిక్షకుడు నమ్మవచ్చునో లేదో తేలుతుంది.

చిన్న పిల్లలను మాత్రము ఒకే చోట కట్టివేయవద్దు. అన్ని స్థలములలో ఆడనివ్వండి. పదకొండు మంది దొరకకపోతే ఐదుగురు ఐదుగురుగా చిన్న స్థలములో ఆడించండి. బంతి ఒక్కొక్కరి కాలికి ఎక్కువసార్లు వస్తుంది. ఎవరి చూపు ఎటువంటిదో త్వరగా తెలుస్తుంది.

కొలతలో పెట్టిన వరము

నిర్గమకాండములో బెసలేలును జ్ఞాపకము చేసుకోండి. బంగారము, వెండి, ఇత్తడి, రాయి, కర్ర, దేనితోనైనా చిత్రమైన పని కల్పించే నేర్పు దేవుడు అతనికి ఇచ్చాడు. అయినా గుడారమునకు మూరల లెక్క ముందే ఇవ్వబడింది. ఆ కొలతలోనే అతడు తన నేర్పు చూపాడు. అతనికి అహోలీయాబును తోడుగా ఇవ్వడము కూడా దేవుని ఏర్పాటే. కల్పనాశక్తి ఉన్న బిడ్డకు కొలత శిక్ష కాదని, తోడు అవమానము కాదని మనము నేర్పాలి.

మా సంఘపు కుర్రవాని విషయములో ఉపాధ్యాయుడు అట్లాగే చేశారు. అతనిని నడుమకు తెచ్చి, పక్కన బాగా పరుగెత్తే అబ్బాయిని పెట్టారు. తన గోల్ ముందు ఒక్క తాకుడుతో బంతి వదిలేయాలని, అవతలి సగములో మాత్రమే తన ఇష్టము వచ్చినట్లు ఆడవచ్చునని నియమము పెట్టారు. బంతి పోతే వెనక్కి పరుగెత్తవలసిందే. కుర్రవాడు మొదట విసుగుకొన్నాడు, తరువాత అలవాటుపడ్డాడు. జిల్లా జట్టు ఎంపికకు వెళ్లాడు గాని ఎన్నిక కాలేదు. అయినా ఆట మానలేదు, పరీక్షలూ తప్పలేదు. తండ్రి ఇప్పుడు పని నుండి ఫోను చేసినప్పుడు "గోల్ కొట్టినవా?" అని అడగడం మానేసి, "ఎవరికి అందించినవ్ రా?" అని అడుగుతున్నాడట. ఇది చిన్న మార్పు కాదు.

ఆట అన్నము పెడుతుందని మేము ఎవరికీ మాట ఇవ్వలేము. బలరాం అంతటివాడే అనారోగ్యము వలన 1963లో, ఇరవై ఏడేండ్లకే ఆట విడువవలసి వచ్చింది. కాబట్టి చదువు విడిచి ఆట పట్టుకోమని చెప్పము. చదువు పేరు చెప్పి వరమును పాతిపెట్టమనీ చెప్పము.

బలరాం 2023 ఫిబ్రవరి 16న మరణించినప్పుడు ఎనభై ఆరేండ్లవాడు. అమ్ముగూడ కుర్రవాని కొరకు ఒక పంతులు సైకిలు అద్దె ఆలోచించకపోతే ఆ పేరు మనము విని ఉండము. మన సంఘములలో, మన వీధులలో అట్టి పిల్లలు నేడునూ ఉన్నారు. ఆటలోనే కాదు, పాటలో, లెక్కలో, కుట్టుపనిలో, మాటలో వరము పొందినవారు ఉన్నారు. వారిని పొగడక ముందు ఒక పూట కూర్చొని గమనించండి. తగని చోట ఉన్నారని తోస్తే, చోటు ఇవ్వగలిగిన పెద్దతో ఓర్పుగా మాట్లాడండి. బిడ్డకు మాత్రము పక్కనున్నవాని కొరకు పరుగెత్తడము నేర్పండి.

ప్రతి బిడ్డను ఎరిగి స్థలము ఏర్పరచు దేవుడు మన కండ్లకు ఆ చూపు అనుగ్రహించును గాక. ఆమేన్.