ముగ్గు వేసే చేయి బజార్లో బొమ్మ వేయలేదా?

మీకు బొమ్మలు వేయడం వచ్చా? "అబ్బే, మాకెక్కడ వస్తుందండీ!" అనేయకండి. తెల్లారకముందే లేచి, వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, ఇరవై ఒక్క చుక్కలు పెట్టి మెలికలు తప్పకుండా కలిపే చేయి మీది. అదీ నాలుగు గోడల మధ్య కాదు, నడివీధిలో! పాలవాడూ, బడిపిల్లలూ, ఎదురింటి పెద్దాయనా చూస్తుండగానే వేస్తారు. సంక్రాంతి వచ్చిందంటే ఇందల్వాయి వాకిళ్ళయినా, నిజామాబాదు గల్లీలయినా ఆడవాళ్ళు వీధినే కాగితం చేసుకుంటారు. ఎవరూ వింతగా చూడరు.

అదే ఇల్లాలు అట్టా, కాగితం, రంగులూ పట్టుకుని నిజామాబాదు గాంధీచౌక్‌లో ఓ మూల కూర్చుంటే? నలుగురూ ఆగుతారు. "ఏం చేస్తున్నవమ్మా?" అంటారు. ఆ చూపులకు జంకే మనలో చాలామంది క్యాలెండర్ బొమ్మ చూసి దింపుకోవడంతో, దిండు గలీబుల మీద పూలు వేయడంతో సరిపెట్టుకుంటారు. అవి తక్కువని కాదు. కానీ కళ్ళెదుట కదిలే బతుకును చూస్తూ వేయడంలోని ఆనందమే వేరు.

పోలీసుల అనుమతితో!

ఈ జంకు మనకే అనుకోకండి. ఫ్రాన్సులో రోజా బోనర్ అనే చిత్రకారిణి ఉండేది. పారిస్ నగరంలో గుర్రాల సంతను చూసి బొమ్మ వేయాలనుకుంది. గుర్రాల బేరగాళ్ళ మధ్య గౌను వేసుకున్న ఆడమనిషి నిలబడితే పని సాగనిస్తారా? అందుకని మగవాళ్ళ దుస్తుల్లో వారానికి రెండుసార్లు వెళ్ళి, ఏడాదిన్నరపాటు ఆ సంతలో నిలబడి గీసుకుంది. ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్ళు ప్యాంటు తొడుక్కోవాలంటే పోలీసుల అనుమతి కావాలి, తెలుసా! 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేసిన ఆ చిత్రం 8 అడుగుల ఎత్తు, 16 అడుగులకు పైగా వెడల్పు. ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మనకు ఏ అనుమతీ అక్కర్లేదు. కాస్త ధైర్యం చాలు.

మన తెలుగునాట కూడా ఆడవాళ్ళు ఈ దారి తొక్కినవాళ్ళే. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ బొమ్మలు వేసేవారు. దాదాపు వందేళ్ళ కిందటి మాట ఇది! ఇక హైదరాబాదులో రాజ్‌భవన్ రైల్వేగేటు దగ్గర ఎం.ఎస్. మక్తా అనే బస్తీ ఉంది. 2016లో అక్కడి ఇళ్ళ గోడలనే చిత్రపటాలుగా మార్చారు కళాకారులు. నగరంలో గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నవాళ్ళలో స్వాతి, విజయ్ దంపతులూ ఉన్నారు.

ఏమేం కావాలి?

పెద్ద ఖర్చేం లేదు. పిల్లలు పరీక్షలకు తీసుకెళ్ళే అట్ట, క్లిప్పూ ఉంటే చాలు. మందంపాటి డ్రాయింగు కాగితాలు, ఓ 2బి పెన్సిలు, నీటిరంగుల బిళ్ళల డబ్బా, 6 నంబరు, 10 నంబరు గుండ్రటి బ్రష్షులు, సీసాలో నీళ్ళు, పాత నూలుచీర ముక్క. మడిచే చిన్న స్టూలు ఉంటే మరీ మంచిది. అన్నీ కూరల సంచిలో పట్టేస్తాయి!

ఎక్కడ? ఎప్పుడు?

మొదటిరోజే రద్దీలోకి దిగకండి. ముందు మీ ఊరి గుడి, మీ వాడకట్టులోని వేపచెట్టు వేసి చూడండి. తర్వాత డిచ్‌పల్లి రామాలయానికి వెళ్ళండి. అక్కడి చెక్కిన రాతి గోడలు కదలవు, తొందరపెట్టవు! చేయి కుదిరాక నిజామాబాదు బస్సెక్కండి. ఖిల్లా గుట్ట, గాంధీచౌక్ సందడి, పసుపు పంట వచ్చే కాలంలో గంజ్‌లో బంగారు రాసుల్లా కుప్పలు... చూసే కళ్ళుండాలే గానీ బొమ్మలకు కొదవా?

ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక మంచి వేళలు. అప్పుడు నీడలు పొడుగ్గా పడి బొమ్మకు అందం వస్తుంది. మీరూ, మీ కాగితమూ నీడలోనే ఉండాలి. ఎండ పడిన తెల్లకాగితం కళ్ళు చెదరగొట్టి రంగులను తప్పు చూపిస్తుంది. నీడలు ఎక్కడున్నాయో ముందే గీసుకోండి. అరగంటలో అవి జరిగిపోయినా మీరు మాత్రం మార్చకండి.

కదిలే జనాన్ని పట్టుకునేదెలా?

ముగ్గులో ముందు చుక్కలు, తర్వాత గీతలు కదా? ఇక్కడా అంతే. ముందు కదలని దుకాణాలూ, స్తంభాలూ, చెట్లూ. తర్వాత మనుషులు. తలకో చుక్క, ఒంటికో బ్రష్షు గీత చాలు. ఓ చిట్కా చెబుతాను, రాసిపెట్టుకోండి. మీరు నిలబడి వేస్తే, దగ్గరివాళ్ళ తలలూ, దూరంవాళ్ళ తలలూ దాదాపు ఒకే గీత మీదికి వస్తాయి. కాళ్ళే ఒకరివి కిందికీ, ఒకరివి పైకీ ఉంటాయి. ఈ ఒక్కటి పాటిస్తే బజారు బజారులాగే కనిపిస్తుంది. నీటిరంగుల్లో ముందు లేత రంగులు, ఆరాక ముదురు రంగులు. తెలుపు కావలసినచోట కాగితాన్ని అలాగే వదిలేయండి.

జనం మూగితే?

మూగుతారు, భయపడకండి. గోడకు వీపు ఆనించి కూర్చుంటే వెనక నుంచి తొంగిచూసేవాళ్ళుండరు. వదినగారినో, పక్కింటావిడనో తోడు తీసుకెళ్ళండి. దుకాణం ముందయితే యజమానిని ఒక్కమాట అడగండి. దారికి అడ్డం కూర్చోకండి. ఎవరి మొహమైనా పోలిక వచ్చేట్టు వేయాలంటే ముందే అడగడం మర్యాద. పిల్లలు దగ్గరికొస్తే ఓ కాగితం ముక్క, పెన్సిలు ఇచ్చి చూడండి, వాళ్ళే మీకు కాపలా కాస్తారు! పూలమ్మే అవ్వ "నన్ను కూడా దించు బిడ్డా" అన్ననాడు మీ జంకు పూర్తిగా పోయినట్టే.

పొద్దున వేసిన ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది. ఎంత అందంగా వేసినా దాని కింద మన పేరుండదు. ఈ బొమ్మ అలా కాదు. కింద మూలన మీ పేరు, తేదీ, ఊరు రాసి దాచుకోండి. పాతికేళ్ళ తర్వాత ఆ బజారు రూపమే మారిపోవచ్చు. అప్పుడు మీ మనవరాలు ఆ కాగితం చూసి, "నానమ్మా, ఇది నువ్వు చూసి వేసిందేనా?" అని అడుగుతుంది. మరి వచ్చే ఆదివారం వంట కాస్త తొందరగా ముగించి బయల్దేరుతారా? లేదా, ఆ ఒక్కపూట వంట మీవారికి అప్పగించినా తప్పులేదు లెండి!